ఈథర్‌నెట్: పల్నాడు ఇళ్ళలోకి వచ్చిన ఎనిమిది తీగలు

నరసరావుపేటలో గానీ మాచర్లలో గానీ కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంటే కేబుల్ ఆపరేటరు మనిషి వచ్చి గోడకు ఒక చిన్న పెట్టె బిగించి వెళతాడు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన సన్నని తీగ ఆ పెట్టెలోకి ఒకవైపు నుంచి దూరుతుంది. ఇంకోవైపు చదరపు రంధ్రాలుంటాయి. లోపలికి తొంగి చూస్తే ఎనిమిది బంగారు రంగు తీగముక్కలు వరసగా కనిపిస్తాయి. టీవీ బాక్సుకైనా కంప్యూటరుకైనా వైరు వెళ్ళేది అక్కడి నుంచే. ఆ ఎనిమిది తీగల మీద ఏ సంకేతాలు ఎలా పోవాలి, ఎంత దూరం పోవచ్చు, సమాచారాన్ని ఎంతెంత ముక్కలుగా కట్టాలి, ఎవరిది ఎవరికి చేరాలి అన్న నియమాలన్నిటికీ కలిపి ఈథర్‌నెట్ అని పేరు.

1973లో అమెరికాలో పుట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ఆఫీసులు, కళాశాలలు, ఆస్పత్రులు, కర్మాగారాలు, డేటా సెంటర్లు అన్నింటా నడుస్తోంది. యాభై ఏళ్ళలో దీని తీగ మారింది, వేగం లక్షల రెట్లు పెరిగింది, మొదట్లో దీనికి ప్రాణమనుకున్న సూత్రమే మూలన పడింది. సమాచారాన్ని కట్టే మూట మాత్రం దాదాపు అలాగే ఉంది. ఈథర్‌నెట్ ఇన్నేళ్ళు నిలవడానికి అసలు కారణం అదే.

హవాయి రేడియో, కాలిఫోర్నియా తీగ

కథ హవాయి దీవుల్లో మొదలవుతుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్కు నడిపింది. వేర్వేరు దీవుల్లోని టెర్మినళ్ళు ఒకే రేడియో తరంగం మీద హోనొలులులోని పెద్ద కంప్యూటరుతో మాట్లాడాలి. ఎవరికి పని పడితే వాళ్ళు పంపేయడమే. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ పాడవుతాయి. జవాబు రాకపోతే కాసేపాగి మళ్ళీ పంపుకోవాలి. పద్ధతి తేలికే కానీ రద్దీ పెరిగితే ఢీకొనడాలే ఎక్కువై పని జరగదు.

రాబర్ట్ మెట్‌కాఫ్ హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు అబ్రామ్సన్ పత్రం చదివాడు. అతడు ఉద్యోగంలో చేరినది కాలిఫోర్నియాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో. అప్పుడక్కడ ఆల్టో అనే వ్యక్తిగత కంప్యూటర్లు తయారవుతున్నాయి, లేజర్ ప్రింటరు కూడా రూపుదిద్దుకుంటోంది. భవనంలోని ఆల్టోలన్నీ ఒకదానితో ఒకటి, ప్రింటరుతోనూ మాట్లాడుకోవాలి. 1973 మే 22న మెట్‌కాఫ్ ఒక మెమో రాసి, రేడియోకు బదులు ఒకే తీగను భవనమంతా తిప్పి దానికే అందరినీ తగిలించవచ్చని ప్రతిపాదించాడు. వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని ఒకప్పటి శాస్త్రజ్ఞులు అనుకునేవారు. ఆ మాట మీదుగానే కొత్త నెట్‌వర్కుకు పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్ దాని హార్డ్‌వేరు పనిలో మెట్‌కాఫ్‌కు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి నడిపిన మొదటి ఈథర్‌నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఆల్టోలోని గడియారపు స్పందన నుంచి వచ్చిన అంకె కాబట్టి అది అంత వింతగా ఉంది.

1979లో మెట్‌కాఫ్ త్రీకామ్ కంపెనీ పెట్టాడు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ కంపెనీలు మూడూ కలిసి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణాన్ని ప్రచురించాయి. 1983లో విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ దానిని 802.3 అనే సంఖ్యతో ఆమోదించింది. ఐబీఎమ్ వారి టోకెన్ రింగ్ అప్పట్లో గట్టి పోటీ. అందులో టోకెన్ చేతిలో ఉన్న యంత్రమే మాట్లాడాలి కాబట్టి ఢీకొనడమే ఉండదు. కాగితం మీద అదే మెరుగనిపించేది. కానీ ఈథర్‌నెట్ కార్డులను ఎన్నో కంపెనీలు తయారుచేశాయి, ధరలు పడిపోయాయి, ఒకరి కార్డు ఇంకొకరి కార్డుతో పనిచేసింది. గెలుపు దానికే దక్కింది. 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు మెట్‌కాఫ్‌కు వచ్చింది. బాగ్స్ అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

విని మాట్లాడటం, ఢీకొంటే ఆగడం

తొలి ఈథర్‌నెట్‌లో వేలెడు మందం ఏకాక్షక తీగ ఒకటి 500 మీటర్ల దాకా సాగేది. దానికి అక్కడక్కడా రంధ్రం చేసి కంప్యూటర్లను తగిలించేవారు. తర్వాత సన్నని తీగ వచ్చింది. దాని హద్దు 185 మీటర్లు. రెండింటిలోనూ తీగ ఒకటే, మాట్లాడేవాళ్ళు అనేకులు.

అలోహానెట్ కంటే మెట్‌కాఫ్ రెండు అడుగులు ముందుకు వేశాడు. మొదటిది, పంపే ముందు తీగ మీద ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినడం. రెండోది, పంపుతూ కూడా వింటూ ఉండటం. ఇద్దరు తీగ ఖాళీగా ఉందనుకుని ఒకేసారి మొదలుపెడితే సంకేతాలు ఢీకొంటాయి. ఆ సంగతి తెలిసిన క్షణమే ఇద్దరూ ఆపేసి, ఎంతసేపు ఆగాలో ఎవరికి వారు చీటీ వేసుకున్నట్టు యాదృచ్ఛికంగా తేల్చుకుంటారు. మళ్ళీ ఢీకొంటే ఆ చీటీల సంఖ్య రెట్టింపవుతుంది. ఇలా 16 సార్లు విఫలమైతే ఇక పంపలేమని చెప్పి వదిలేస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీనిని సీఎస్ఎంఏ-సీడీ అంటారు. కోటప్పకొండ రోడ్డులోని నరసరావుపేట ఇంజనీరింగ్ కళాశాలలోనైనా, 2016లో మొదలైన జేఎన్‌టీయూ కాకినాడ వారి నరసరావుపేట కళాశాలలోనైనా కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠంలో విద్యార్థులు తప్పకుండా చదివే భాగమిది.

ఈ పద్ధతిలో ఒక లెక్క ఉంది. చాలామంది దానిని కంఠస్థం చేసి వదిలేస్తారు గానీ నిజానికి అది చాలా అందమైన లెక్క. తీగ ఈ చివర ఉన్న యంత్రం పంపడం మొదలుపెట్టింది. ఆ సంకేతం ఆ చివరకు చేరబోయే ముందు క్షణంలో అక్కడి యంత్రం కూడా మొదలుపెట్టింది. ఢీకొన్న వార్త తిరిగి ఈ చివరకు రావాలంటే సంకేతం పోయి వచ్చినంత సమయం పడుతుంది. ఈలోపు మొదటి యంత్రం పంపడం ముగించి వెళ్ళిపోతే తన మూట పాడైన సంగతే దానికి తెలియదు. కాబట్టి ఎంత చిన్న మూటైనా పోయి వచ్చే సమయం కంటే ఎక్కువసేపు తీగ మీద ఉండాలి. మధ్యలో సంకేతానికి మళ్ళీ బలమిచ్చే రిపీటర్ల ఆలస్యం కూడా కలిపి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు ఆ సమయాన్ని 51.2 మైక్రోసెకన్లుగా నిర్ణయించారు. అంతసేపట్లో 512 బిట్లు, అంటే 64 బైట్లు పోతాయి. ఈథర్‌నెట్ ఫ్రేము, అంటే ఈ మూట, 64 బైట్లకు తగ్గకూడదన్న నియమం ఇక్కడి నుంచి వచ్చింది. పంపవలసింది ఒక్క అక్షరమే అయినా మిగతా జాగాను సున్నాలతో నింపి 64 చేయాలి.

ఇప్పటి ఇళ్ళలో, ఆఫీసుల్లో తీగ మీద ఢీకొనడం లేనే లేదు. ఆ 64 బైట్ల నియమం మాత్రం అలాగే మిగిలింది.

మూటలో ఏముంటుంది

గురజాల ఆర్డీఓ కార్యాలయంలో ఒక గుమాస్తా లక్ష బైట్ల ఫైలును పక్క గదిలోని కంప్యూటరుకు పంపాడనుకుందాం. ఈథర్‌నెట్ ఒక్కో ఫ్రేములో మోసే సరుకు 1500 బైట్లకు మించదు. అందులో ఇంటర్నెట్ నియమాల చిరునామాలకు సాధారణంగా 40 బైట్లు పోతాయి, ఫైలుకు 1460 మిగులుతాయి. కాబట్టి ఆ ఫైలు 69 ముక్కలవుతుంది.

ప్రతి ముక్క ముందూ 8 బైట్ల హెచ్చరిక సంకేతం పోతుంది. అవతలి యంత్రం తన గడియారాన్ని దానితో సరిచూసుకుంటుంది. తర్వాత 6 బైట్లలో చేరవలసినవారి చిరునామా, 6 బైట్లలో పంపినవారి చిరునామా, 2 బైట్లలో లోపలి సరుకు ఏ రకమో చెప్పే గుర్తు. ఆ పైన సరుకు. చివర 4 బైట్ల తనిఖీ అంకె. అందుకున్న యంత్రం అదే లెక్క తానూ వేసి చూస్తుంది. అంకె కలవకపోతే ఫ్రేమును చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. పోయినదాన్ని మళ్ళీ పంపించుకునే బాధ్యత ఈథర్‌నెట్‌కు పై అంతస్తులో పనిచేసే టీసీపీ అనే నియమావళిది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 12 బైట్లంత ఖాళీ ఉండాలి. అన్నీ కలుపుకుంటే నిండు ఫ్రేముకు తీగ మీద పట్టే జాగా 1538 బైట్లు. 100 మెగాబిట్ల తీగ మీద అది పోవడానికి 123 మైక్రోసెకన్లు చాలు.

చిరునామా సంగతి కొంచెం చెప్పాలి. ప్రతి ఈథర్‌నెట్ పరికరానికీ తయారీలోనే 48 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. దానిని మ్యాక్ అడ్రస్ అంటారు. మొదటి సగం తయారుచేసిన కంపెనీకి ఐఈఈఈ ఇచ్చినది, రెండో సగం ఆ కంపెనీ తన పరికరాలకు వరసగా వేసుకునేది. 48 బిట్లతో దాదాపు 281 లక్షల కోట్ల సంఖ్యలు వస్తాయి. ఫైబర్ పెట్టె అడుగున అంటించిన కాగితం మీద ఈ సంఖ్య అచ్చయి ఉంటుంది. 48 బిట్లూ ఒకట్లే అయితే అది అందరికీ చెందిన చిరునామా. పక్క గదిలోని యంత్రం మ్యాక్ అడ్రస్ తెలియనప్పుడు గుమాస్తా కంప్యూటరు ముందుగా ఆ చిరునామాకే ఒక ప్రశ్న వేస్తుంది. ఫలానా ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్ చిరునామా, ఎవరిదని అడుగుతుంది. ఆ యంత్రం తనదేనని జవాబిస్తుంది. ఆ తర్వాతే అసలు సరుకు కదులుతుంది.

అదే ఫైలు నరసరావుపేట కలెక్టరేటుకు పోవాలంటే వ్యవహారం వేరు. ఐపీ అడ్రస్ చివరిదాకా కలెక్టరేటుదే. మ్యాక్ అడ్రస్ మాత్రం ముందు ఆఫీసులోని రూటరుది ఉంటుంది. రూటరు ఆ ఫ్రేమును విప్పి, తర్వాతి మజిలీకి తగిన కొత్త చిరునామాలతో మళ్ళీ కడుతుంది. ప్రతి మజిలీలోనూ ఇలాగే జరుగుతుంది. ఈథర్‌నెట్ పని ఒక్క మజిలీ దాటించడమే.

కల్పన పేరు మీద వచ్చిన స్విచ్

1990లో 10బేస్-టీ ప్రమాణం వచ్చాక ఈథర్‌నెట్ మెలితిప్పిన రాగి జంటల మీదికి మారింది. ప్రతి కంప్యూటరు నుంచీ ఒక వైరు మధ్యలోని పెట్టెకు చేరుతుంది. మొదట్లో ఆ పెట్టె పేరు హబ్. ఒక రంధ్రంలోకి వచ్చిన సంకేతాన్ని మిగతా రంధ్రాలన్నిటికీ ఊదేయడం తప్ప దానికి ఇంకేమీ తెలియదు. అందుకే ఢీకొనడాలు అలాగే ఉండిపోయాయి.

దాన్ని మార్చిన పరికరం స్విచ్. 1987లో భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి కాలిఫోర్నియాలో పెట్టిన చిన్న కంపెనీ తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను బజారులోకి తెచ్చింది. ఆ కంపెనీకి భరద్వాజ్ తన భార్య పేరు పెట్టాడు: కల్పన. 1994లో సిస్కో దానిని కొనేసింది. ఈనాడు ప్రపంచంలో ఏ ఆఫీసు అరలో స్విచ్ మెరుస్తున్నా దాని వంశవృక్షంలో ఆ పేరు ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో మెట్‌కాఫ్ పక్కన ఈ కథకూ ఒక పేరా దక్కాలి.

స్విచ్ చేసే పని తేలిక. ఒక రంధ్రంలోకి ఫ్రేము రాగానే పంపినవారి మ్యాక్ అడ్రస్ చూసి, ఈ చిరునామా ఈ రంధ్రం వెనక ఉందని పట్టికలో రాసుకుంటుంది. చేరవలసిన చిరునామా పట్టికలో ఉంటే ఆ ఒక్క రంధ్రానికే పంపుతుంది, లేకపోతే వచ్చినది తప్ప అన్ని రంధ్రాలకూ పంపి చూస్తుంది. మామూలుగా 5 నిమిషాలు ఆ చిరునామా నుంచి అలికిడి లేకపోతే పట్టికలోంచి కొట్టేస్తుంది. ఎవరూ ఏమీ చెప్పకుండానే కాసేపట్లో తన చుట్టూ ఎవరున్నారో నేర్చుకుంటుంది. పైగా రాకకు ఒక జత, పోకకు ఒక జత తీగలు వేరుగా ఉండటంతో రెండు వైపులా ఒకేసారి మాట్లాడవచ్చు. ఢీకొనడం అంతటితో పోయింది.

స్విచ్‌కు ఒక బలహీనత ఉంది. కళాశాల ల్యాబుల్లో ఇది తరచూ బయటపడుతుంది. సర్దుతున్న వారెవరో వదులుగా వేలాడుతున్న వైరు చివరను చూసి, ఖాళీ రంధ్రం కనిపించింది కదా అని అదే స్విచ్‌లో గుచ్చుతారు. రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పడ్డాయి. అందరికీ అని వచ్చిన ఒక్క ఫ్రేము ఆ చక్రంలో పడి తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ నకళ్ళు పుట్టిస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుష్షు గడువు లేదు కాబట్టి అవి చావవు. క్షణాల్లో దీపాలన్నీ కదలకుండా వెలిగిపోతాయి, ల్యాబంతా స్తంభిస్తుంది. దీనికి విరుగుడు 1985లోనే డిజిటల్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టింది. స్పానింగ్ ట్రీ అనే ఆ పద్ధతిలో స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని చక్రాలను గుర్తుపట్టి, అదనపు దారులను తాత్కాలికంగా మూసేస్తాయి. ఒక దారి తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. తక్కువ ధరకు దొరికే చిన్న స్విచ్‌లలో మాత్రం సాధారణంగా ఈ తెలివి ఉండదు.

వేగం పెరిగిన తీరును క్లుప్తంగా చెబితే చాలు. 1995లో 100 మెగాబిట్లు, 1998లో ఫైబరు మీద, 1999లో మామూలు రాగి వైరు మీద ఒక గిగాబిట్, 2002లో 10 గిగాబిట్లు, 2010లో 100, 2017లో 400, 2024లో 800. ఇళ్ళకు ఒక గిగాబిట్ ఇప్పటికీ ధారాళంగా సరిపోతుంది. వై-ఫై కూడా ఐఈఈఈ 802 కుటుంబంలోదే. అవే 48 బిట్ల చిరునామాలు వాడుతుంది. గాలిలో పంపుతూ వినడం కుదరదు కాబట్టి ఢీకొనకముందే తప్పుకునే పద్ధతి పాటిస్తుంది.

సాగర్ కాలువ, ఫైబరు తీగ

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. ఈ ప్రాంతపు పట్టణాల్లో ఇంటర్నెట్ మొదట టెలిఫోను తీగ మీదే వచ్చింది. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు దేశంలో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. ఆ మోడెం వెనక కూడా ఇదే చదరపు రంధ్రం ఉండేది. ఫోను తీగ మీద వచ్చేది వేరే సాంకేతికత అయినా, కంప్యూటరుకు అందేది ఈథర్‌నెట్ ఫ్రేమే. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయ్యే పద్ధతి కూడా ఈథర్‌నెట్ మీద నడిచేదే. చాలా ఫైబర్ కనెక్షన్లలో అది ఇప్పటికీ ఉంది.

పల్లెల దాకా వెళ్ళింది మాత్రం ఫైబరు. రాష్ట్ర ప్రభుత్వం 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థను పెట్టింది. నేల తవ్వి తీగ పాతడానికి ఖర్చూ కాలమూ బాగా ఎక్కువ. కాబట్టి విద్యుత్ స్తంభాల మీదుగానే ఫైబరు వేలాడదీయాలని నిర్ణయించారు. గాజు తీగకు కరెంటు అంటదు, పక్కన పోయే విద్యుత్ తీగల అలజడి దానిని తాకదు. అందుకే ఆ పని సాధ్యమైంది. తొలి విడతలో రాష్ట్రమంతటా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ ఇలా లాగారు. 2016 డిసెంబరులో అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చి చూశారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పథకాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ అన్నది అప్పటి ప్రకటన. ఊళ్ళో పాత కేబుల్ టీవీ ఆపరేటర్లే ఇంటింటికీ తీగ లాగే బాధ్యత తీసుకున్నారు.

ఈ ఫైబరు పంపకం పల్నాడు రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు బ్రాంచి కాలువలోకి, అక్కడి నుంచి మేజరుకు, మైనరుకు, చివరికి పొలం తూముకు ఎలా విడిపోతుందో ఫైబరులో వెలుగు కూడా అలాగే విడిపోతుంది. ఆపరేటరు గదిలోని ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి ఒక్క గాజు పోగు బయల్దేరుతుంది. దారిలో స్ప్లిటరు అనే గాజు పరికరం దాన్ని 8గా, 16గా, 32గా చీలుస్తుంది. స్ప్లిటరుకు కరెంటు అక్కరలేదు. రెండుగా చీలినప్పుడల్లా వెలుగు సగానికి పడిపోతుంది. అందుకే చివరి ఇంటివారికి తగినంత వెలుగు మిగిలేలా లెక్కగట్టాలి. మామూలుగా 20 కిలోమీటర్ల దాకా పోవచ్చు. చివరి భూములకు నీరందని ఏడు ఉన్నట్టే, అతుకులు సరిగా వేయని లైనులో చివరి ఇంటి పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది.

కాలువతో పోలిక అక్కడితో ఆగుతుంది. నీరు ఎవరి వాటా వారికే చేరుతుంది. వెలుగు అలా కాదు. అందరి సమాచారమూ అందరి ఇళ్ళకూ వస్తుంది, రహస్య సంకేతంలో ఉంటుంది కాబట్టి ఎవరి పెట్టె వారిది మాత్రమే విప్పుకుంటుంది. ఇంటి నుంచి పైకి పంపేటప్పుడు ఎవరు ఏ క్షణంలో పంపాలో ఓఎల్‌టీ వంతులు ఇస్తుంది. వినడం, ఢీకొనడం, ఆగడం ఇక్కడ లేవు. ఈ పద్ధతిని జీపాన్ అంటారు. సెకనుకు దిగువకు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 గిగాబిట్లు చీలిన ఇళ్ళన్నిటికీ కలిపి వస్తాయి. పెట్టెలోకి చేరగానే గాజు ముగిసి రాగి మొదలవుతుంది. లోపల దాచి తెచ్చిన ఈథర్‌నెట్ ఫ్రేములే బయటికొస్తాయి.

టీవీ చానళ్ళు కూడా ఫ్రేములుగానే వస్తాయి. ఒక వీధిలో ఇరవై ఇళ్ళవారు ఒకే సినిమా చూస్తున్నప్పుడు ఇరవై ప్రతులు పంపితే లైను నిండిపోతుంది. కాబట్టి గుంపు చిరునామా ఒకటి వాడి ఒక్క ప్రతే పంపుతారు. రిమోట్‌లో చానల్ మార్చగానే బాక్సు ఆ గుంపులో చేరుతున్నానని పైకి కబురు పంపుతుంది, పాత గుంపు నుంచి తప్పుకుంటుంది. మార్చిన చానల్ రావడానికి ఒక్క క్షణం పట్టడంలో ఈ కబురు పాత్ర కూడా ఉంది.

ఎండా, రాగీ, క్రింపింగూ

ఫైబరు ఎంత బాగా వచ్చినా ఇంట్లో, ఆఫీసులో చివరి కొద్ది మీటర్లు రాగివే. గొడవలన్నీ అక్కడే.

వైరు చివర ప్లాస్టిక్ కనెక్టరు బిగించడాన్ని క్రింపింగ్ అంటారు. పై తొడుగు ఒలిస్తే నాలుగు జంటలు కనిపిస్తాయి. వాటిని విప్పి వరస పెట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిదీ సమంగా కత్తిరించి కనెక్టరులోకి చివరంటా తోసి ప్లయర్‌తో నొక్కాలి. మెలికను అరంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. జంటలోని రెండు తీగల మీదా ఒకే సంకేతం ఎదురెదురుగా పోతుంది. మెలిక ఉండటం వల్ల బయటి అలజడి రెండింటి మీదా సమంగా పడి కొట్టుకుపోతుంది. మెలిక విప్పిన మేర ఆ రక్షణ లేనట్టే. 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. కాబట్టి నీలం గానీ గోధుమ గానీ ఒక తీగ సరిగా నొక్కుకోకపోతే కనెక్షన్ ఆగదు, వేగం 100కు పడిపోతుంది. ప్లాను 200 మెగాబిట్లదైనా ఎప్పుడు చూసినా 95 దగ్గరే ఆగిపోతోందంటే ముందు చూడాల్సింది ఆ కనెక్టరునే.

రాగి వైరుకు హద్దు 100 మీటర్లని అందరూ అంటారు. అందులో 90 మీటర్లు గోడలో పోయే వైరు, 10 మీటర్లు రెండు చివర్ల ముక్కలు. ఈ లెక్క 20 డిగ్రీల వేడికి కట్టినది. వేసవిలో పల్నాడులోని రెంటచింతల పేరు ఎండలకు పత్రికలకెక్కని ఏడుండదు. అలాంటి చోట ఈ తేడా పుస్తకంలోనే ఉండిపోదు. వేడెక్కిన రాగిలో సంకేతం త్వరగా సన్నగిల్లుతుంది. కేబులింగ్ ప్రమాణాల లెక్క ప్రకారం 40 డిగ్రీల దగ్గర ఆ 90 మీటర్లు దాదాపు 84కు, 60 డిగ్రీల దగ్గర 75కు తగ్గుతాయి. మేడ మీద ఎండలో పడి ఉన్న ప్లాస్టిక్ పైపు లోపల గాలిలో కంటే వేడి ఎక్కువ. మార్చిలో చక్కగా పనిచేసిన 85 మీటర్ల లైను మే మధ్యాహ్నం తడబడటానికి కారణం ఇదే కావచ్చు.

ఇదే వైరు మీద కరెంటు కూడా పంపే ఏర్పాటుంది. 2003 ప్రమాణంలో 15.4 వాట్లు, 2009లో 30, 2018లో 90 వాట్ల దాకా వచ్చింది. దుకాణం గుమ్మంలో గానీ తిరునాళ్ళ దారిలో గానీ పెట్టే కెమెరాకు వేరే కరెంటు లైను లాగనక్కరలేదు. ఇక్కడే నాసిరకం వైరు ప్రమాదం తెచ్చిపెడుతుంది. బజారులో చవకగా దొరికే వైర్లు కొన్నింటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. దానిని సీసీఏ అంటారు. దాని నిరోధం స్వచ్ఛమైన రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. కరెంటు పంపితే వేడెక్కుతుంది, చివరి కెమెరాకు వోల్టేజీ అందదు, వంచితే విరుగుతుంది. ఈథర్‌నెట్ ప్రమాణాలు దానిని ఒప్పుకోవు.

పిడుగులది మరో సమస్య. ఈథర్‌నెట్ రంధ్రం లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, 1500 వోల్టుల తేడాను తట్టుకుంటుంది. దగ్గరలో పిడుగు పడితే తీగలో పుట్టే వోల్టేజీ అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. రెండు భవనాల మధ్య రాగి వైరు వేలాడదీస్తే రెండు చివరల పరికరాలూ ఒక్క గాలివానకు పోవచ్చు. మిల్లుల్లో, సున్నపు బట్టీల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల్లో పెద్ద మోటార్ల అలజడి దీనికి తోడు. అలాంటి చోట భవనాల మధ్య ఫైబరు వేసి, భవనం లోపల మాత్రమే రాగి వాడాలి.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక పల్లెల్లో కూడా స్విచ్, వైరు, కనెక్టరు రోజువారీ వస్తువులయ్యాయి. ఒక ధ్రువపత్రం ఆగిపోతే సర్వర్ డౌన్ అని చెప్పి పంపేయడం తేలిక. చాలాసార్లు లోపం బల్ల కింద నలిగిన రెండు మీటర్ల వైరులోనే ఉంటుంది. వైరు కొనేటప్పుడు కట్ట మీద సీసీఏ అని ఉందేమో చూడాలి. తీగ కొనను బ్లేడుతో గీకినప్పుడు లోపల తెల్లగా మెరిస్తే అది రాగి వైరు కాదు, తిరిగి ఇచ్చేయాలి.